మెరక ఎంత?

మొదటి రోజు: పలాస, ఉద్దానం

పలాస స్టేషన్లో దిగగానే కాలుతున్న జీడిగింజల వాసన ముక్కుకు తగిలింది. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఇంజినీరుగా పల్లెల్లో నీళ్ల ట్యాంకులు కట్టించి, రిటైరైన ఆరో ఏట ఒక పాత తగాదా తేల్చుకోవడానికి బయలుదేరాను. తగాదా మా బావమరిదితో. బరంపురంలో స్థిరపడ్డ తెలుగువాడు, కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతాడు. ఏ పెళ్లిలో కనిపించినా ఒకే మాట: "బావా, మా గంజాం జిల్లాలో కొన్ని ఊళ్లలో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి పూర్తయితే తప్ప ట్యాంకు నీళ్లు వదలరు, తెలుసా మీకు?" నేను ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేవాణ్ని: "కాగితం మీద మేమూ అలాగే రాసేవాళ్లం." ఈ సంక్రాంతికి అతను ఊరుకోలేదు. వచ్చి చూడమన్నాడు. మార్చి మొదటి వారంలో, ఎండలు ముదరకముందే వస్తానని మాటిచ్చాను.

నేరుగా బరంపురం వెళ్లకుండా పలాసలో దిగడానికి కారణం ఉంది. ఉద్దానం చూడకుండా నీళ్ల గురించి మాట్లాడటం నాకు నచ్చదు. కవిటి మండలంలో నా పాత సహోద్యోగి ఒకడున్నాడు. అతని బండి వెనుక కూర్చుని కొబ్బరితోటల మధ్య నుంచి వెళుతుంటే ఈ నేల మీద ఇంత జబ్బు ఉందంటే ఎవరూ నమ్మరు. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఎటు చూసినా నీడ. ఆ నీడలోనే దాదాపు ప్రతి వీధిలో కిడ్నీలు పాడైన మనిషి ఒకరు కనిపిస్తారు. ఎందుకు వస్తోందో ఇప్పటికీ ఎవరూ కచ్చితంగా తేల్చలేదు. తాగునీటి మీద అనుమానం మాత్రం మొదటినుంచీ ఉంది. అందుకే హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఇక్కడి 807 గ్రామాలకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం వచ్చింది. 2023 డిసెంబరు 14న దాన్నీ, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ, 200 పడకల ఆసుపత్రినీ ఒకే రోజు ప్రారంభించారు.

సహోద్యోగి అన్నగారు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళతారు. మనిషి సన్నబడ్డారు కానీ మాట తగ్గలేదు. వాళ్ల పెరట్లో కుళాయి తిప్పి చూశాను. నీళ్లు వచ్చాయి. బాగానే ఉన్నాయి. లోపల వంటింట్లో మాత్రం ఇరవై లీటర్ల డబ్బా బోర్లించి ఉంది.

"కుళాయి నీళ్లు తాగరా?" అని అడిగాను.

"వంటకు, గిన్నెలకు వాడతాం బాబూ. తాగడానికి భయం. పరీక్ష చేశామని వాళ్లంటారు. ఎవరు చేశారో మాకు తెలియదు కదా."

పైపు వందల కోట్లతో వస్తుంది. ఆ చివరి మూడు గజాలు, పెరట్లోంచి వంటింట్లోకి, ఏ ఎస్టిమేటులోనూ ఉండవు. రాత్రి డైరీలో ఇంతే రాసుకున్నాను.

రెండో రోజు: బరంపురం, మొహుదా

పొద్దున్న రైలు. సోంపేట, ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద లిపి మారింది, పెట్టెలో వినిపించే తెలుగు మాత్రం తగ్గలేదు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోదే. రాష్ట్రం గీత గీశాక కూడా బరంపురం వీధుల్లో తెలుగు అలాగే ఉండిపోయింది. వి.వి. గిరి పుట్టిన ఊరు ఇది. స్టేషన్ బయట టీ కొట్టువాడు నన్ను చూడగానే తెలుగులో "పంచదార వేయమంటారా?" అన్నాడు. నా మొహం మీద రాసి ఉంటుందేమో.

మా బావమరిది స్కూటరు మీద మొహుదా తీసుకెళ్లాడు. గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యాలయం అక్కడ ఉంది. చెట్లు, ఇటుక గోడల కట్టడాలు, ఒక పక్క శిక్షణ కోసం కట్టి వదిలేసిన సగం గోడలు. సంస్థ కథ క్లుప్తంగా ఇది. 1971 తుపాను తరువాత సహాయ పనులకు మద్రాసు విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందం ఒకటి ఒడిశాకు వచ్చింది. దానికి ముందు నిలిచినవాడు కేరళకు చెందిన జో మడియత్. వచ్చినవాళ్లలో కొందరు వెళ్లిపోలేదు. 1979లో గ్రామ్ వికాస్ పుట్టింది. ఎనభైల్లో వేలాది గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టారు. ఆ తిరుగుళ్లలోనే వాళ్లకు తెలిసివచ్చింది, పల్లెల్లో జబ్బుల్లో చాలా వాటికి మూలం మలంతో చెడిన నీళ్లని. 1992లో నీళ్లు, మరుగుదొడ్లు కలిపి ఒకే పనిగా మొదలుపెట్టారు. ఇప్పుడది వెయ్యికి పైగా గ్రామాల్లో ఉంది.

అక్కడి ఉద్యోగి ఒకాయన షరతులు వివరించాడు. ఊళ్లో ప్రతి కుటుంబం చేరాలి; ఒక్క ఇల్లు కాదన్నా పని మొదలుకాదు. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున మూలనిధి కట్టాలి. లేనివాళ్లు తక్కువ, ఉన్నవాళ్లు ఎక్కువ ఇవ్వవచ్చు. ఆ డబ్బు బ్యాంకులో ఉంటుంది. దాని వడ్డీతో రేపు అన్నదమ్ములు వేరుపడి కొత్త ఇల్లు కట్టుకుంటే ఆ ఇంటికీ మరుగుదొడ్డి వస్తుంది. ఇసుక, ఇటుక, రాయి, కూలి ఊరివి. సిమెంటు, తలుపు, మరుగుదొడ్డి పాన్ లాంటి బయటి సరుకు సంస్థది, ప్రభుత్వ సాయం ఉంటే అదీ కలుపుతారు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, దాని పక్కనే స్నానాల గది, మూడు కుళాయిలు: ఒకటి మరుగుదొడ్డిలో, ఒకటి స్నానాల గదిలో, మూడోది వంటింట్లో. అన్ని ఇళ్లవీ పూర్తయ్యాకే ట్యాంకు నుంచి నీళ్లు.

"ఒక్క మొండివాడు ఊరందరినీ ఎండబెడితే?" అన్నాను.

ఆయన నవ్వి, "రేపు చూస్తారుగా" అన్నాడు.

మా రోజుల్లో ప్రతి ఫైల్లోనూ "భాగస్వామ్యం" అనే మాట ఉండేది. నాకు తెలిసినంతవరకు దాని అర్థం, ఇంకెవరో డబ్బిస్తారు అని. స్వజలధార పథకం 2002లో వచ్చినప్పుడు ఊరివాళ్లు పది శాతం కట్టాలన్నారు. చాలాచోట్ల ఆ పది శాతం ఎవరు కట్టేవారో చెప్పనక్కరలేదు. పని పట్టిన కాంట్రాక్టరు కట్టేవాడు, బిల్లులో రాబట్టుకునేవాడు. అందుకే ఈ షరతులు విని నేను వెంటనే మురిసిపోలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది కాగితాలు తీశాడు. పూరీ జిల్లాలో వంద గ్రామాల మీద 2014లో వచ్చిన అధ్యయనం అట. సగం ఊళ్లలో ప్రభుత్వ పారిశుద్ధ్య కార్యక్రమం కింద మరుగుదొడ్లు తొమ్మిది శాతం ఇళ్ల నుంచి అరవై మూడు శాతానికి పెరిగాయి. పిల్లల విరేచనాలు మాత్రం ఏమీ తగ్గలేదు. తరువాతి ఏడాది ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో, ఆమె సహచరులు గ్రామ్ వికాస్ పనిచేసిన సుమారు వంద గ్రామాల లెక్క ప్రచురించారు. వైద్యం అవసరమయ్యే విరేచనాలు అక్కడ ముప్పై నుంచి యాభై శాతం తగ్గాయి, ఐదేళ్ల తరువాత కూడా.

"చూశారా బావా? అరవై మూడు చాలదు. అందరూ ఉండాలి, ఇంట్లో నీళ్లూ ఉండాలి."

"తరువాత ఇంకేమీ రాలేదా?"

కొంచెం తగ్గాడు. వచ్చింది అన్నాడు. గంజాం, గజపతి జిల్లాల్లోనే 2019లో వెలువడిన మరో అధ్యయనంలో విరేచనాల్లో తేడా కనిపించలేదు. చిన్నపిల్లల ఎత్తు మాత్రం వయసుకు తగ్గట్టు కాస్త మెరుగ్గా ఉంది. మా చెల్లెమ్మ మజ్జిగ వడ్డిస్తూ, "ముందు తినండి, విరేచనాల మాటలు తరువాత" అంది. అక్కడికి ఆపాం.

మూడో రోజు: మైదానంలో ఒక ఊరు

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఎవరి ఇంటి మాట ఎవరిదో తెలిసిపోతుంది. బరంపురానికి గంట ప్రయాణం. ముందుగా కనిపించేది ట్యాంకే. దాని మీద బొమ్మలు గీసి రంగులు వేశారు. రెండు వీధులు, మధ్యలో చెరువు, చెరువు అవతల చిన్న వీధి. మగవాళ్లలో చాలామంది సూరత్ మరమగ్గాల్లో ఉన్నారు. గంజాంలో ఏ ఊరికి వెళ్లినా ఇదే కథ. అందుకే ఇక్కడ కమిటీ అంటే ఎక్కువగా ఆడవాళ్లే.

నా ఉద్యోగంలో నేర్చుకున్న పనికొచ్చే అలవాటు ఒకటుంది: మూత ఎత్తి చూడటం. మొదటి ఇంటి వెనక్కి వెళ్లి మరుగుదొడ్డి గోడ పక్కన ఉన్న చిన్న గదిమూత ఎత్తాను. రెండు గుంతల పద్ధతి. పాన్ నుంచి వచ్చే పైపు ఈ గదిలో రెండుగా చీలుతుంది, ఒక్కో పాయ ఒక్కో గుంతకు. ఒక పాయను ఇటుకతో, మట్టితో మూసేయాలి. ఒక గుంత నిండాక ఇటుక తీసి రెండో పాయకు పెట్టాలి. మూసిన గుంత ఏడాదిన్నర, రెండేళ్లకు ఎండి మట్టిలా అవుతుంది, వాసన ఉండదు, పొలానికి పనికొస్తుంది. వినడానికి చాలా సులువు. నేను తనిఖీ చేసిన వాటిలో సగానికి పైగా ఆ ఇటుకే ఉండేది కాదు. రెండు గుంతలూ ఒకేసారి నిండేవి, ఆ తరువాత మరుగుదొడ్డిలో కట్టెలు పెట్టుకునేవారు. నేను వాటినీ "పూర్తయినవి" అని సంతకం పెట్టాను. ఫొటోలో తలుపు కనిపిస్తే చాలు.

ఇక్కడ ఇటుక ఉంది. ఆ ఇంటి ముసలావిడ నా వెనుకే వచ్చి నిలబడి, కిందటి రథయాత్ర తరువాత మార్చామని చెప్పింది. ఆవిడ ఒడియాలో చెప్పింది, మా బావమరిది తెలుగు చేశాడు. ఇక్కడ పెద్దావిడను మౌసీ అంటారు. నేనూ అలాగే పిలిచాను.

మౌసీకి మరుగుదొడ్డి కన్నా స్నానాల గది మీద ఎక్కువ గౌరవం. కోడలుగా వచ్చిన రోజుల్లో చీకటితో లేచి చెరువుకు వెళ్లేవాళ్లట. గట్టున మగవాళ్లుంటే తడిబట్టలతోనే నీళ్లలో కూర్చుని ఉండిపోవాలి. చీర మీదే స్నానం, చీర మీదే ఆరడం. "ఒంటికి సరిగ్గా సబ్బు రాసుకున్నది ఈ గది కట్టాకే" అంది. అన్నాక, పరాయి మగవాడి ముందు అన్నానే అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఇంజినీరుగా ఎన్నో మరుగుదొడ్ల ఎస్టిమేట్లు వేశాను. స్నానాల గది ఒక్కదానిలోనూ లేదు. ఎవరూ అడగలేదు. అడగవలసినవాళ్లు సమావేశాలకు వచ్చేవాళ్లు కాదు.

ఊరి చివరి ఇంటి మరుగుదొడ్డి గోడ వింతగా ఉంది. కింద నాలుగు వరసలు చక్కగా ఉన్నాయి, ఆ పైన ఇటుకలు ఒంకరలు పోయాయి, మళ్లీ పైన తిన్నగా ఉన్నాయి. సిమెంటు పూత కూడా మూడు రకాలు. ఎందుకని అడిగితే మౌసీ మా నిన్నటి ప్రశ్నకు జవాబు చెప్పింది. ఈ ఇంట్లో ఉండేది ఒంటరి వితంతువు. ఇటుకలు మోసే శక్తి లేదు, మోసేవాళ్లు లేరు. మొదట కడతానంది, తరువాత నా వల్ల కాదంది. ట్యాంకు తయారై నెలల తరబడి ఖాళీగా నిలబడింది. ఊరివాళ్లు ఆవిడను తిట్టారు. తిట్టినా ఇటుకలు లేవవు కదా. చివరికి ఒక ఆదివారం తలా కొంత పని చేశారు. మేస్త్రి అయినవాడు మొదటి వరసలు పెట్టాడు, వాడు భోజనానికి వెళ్లినప్పుడు కుర్రవాళ్లు కొన్ని పెట్టారు, మళ్లీ మేస్త్రి వచ్చాడు. ఆ సాయంత్రమే వాల్వు తిప్పారు.

మధ్యాహ్నం మౌసీ ఇంట్లో పఖాళ పెట్టారు. మన చద్దన్నమే. రాత్రి నీళ్లలో వేసిన అన్నం, పెరుగు, వేయించిన వడియాలు, పచ్చిమిరపకాయ. ఆ ఎండకు అంతకన్నా మంచి భోజనం లేదు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. కార్యదర్శి ముప్పై ఏళ్ల యువతి, భర్త సూరత్‌లో. ఆమె చేతిలో పొడుగాటి లెక్కల పుస్తకం, ఎడమవైపు ఇంటి పేర్లు, కుడివైపు నెలనెలకు గళ్లు. నెల రుసుముతో కరెంటు బిల్లు, పంపు ఆపరేటర్ జీతం. చెరువులో చేపల వేలం డబ్బు మరమ్మతులకు. ఎర్రసిరాతో చుట్టిన గళ్లు బాకీలు. అవి తక్కువేమీ లేవు. అది నాకు నచ్చింది. బాకీలు లేని పుస్తకాలు నేను చాలా చూశాను.

ఒక కుర్రవాడు లేచి పేచీ పెట్టాడు. ప్రభుత్వం 2019 నుంచి ఇంటింటికీ కుళాయి ఇస్తోంది, మనిషికి రోజుకు యాభై ఐదు లీటర్లు, పక్క ఊళ్లో అంతా ఉచితం. మనం మాత్రం నెలనెలా ఎందుకు కట్టాలి? కొందరు తల ఊపారు. ఆ ప్రభుత్వ పథకం, జల్ జీవన్ మిషన్‌లో కూడా ఊరు పది శాతం ఇవ్వాలనే ఉంది, గిరిజన ప్రాంతాల్లో ఐదు శాతం; నీటి కమిటీలో సగం ఆడవాళ్లుండాలనీ ఉంది. కానీ పక్క ఊళ్లో ఎవరూ అడగకపోతే ఈ ఊళ్లో ఎవరు కడతారు? సంస్థ, ప్రభుత్వం ఒకే జిల్లాలో రెండు రకాల నియమాలతో పనిచేస్తే కష్టపడి కట్టుకున్న అలవాటుకే దెబ్బ. ఇది ఆ కుర్రవాడి తప్పు కాదు. కార్యదర్శి మాత్రం తేలిగ్గా తీసేసింది: "పక్క ఊరి మోటారు కాలి ఎన్ని రోజులైందో అడిగి రా." ఆ కుర్రవాడు కూర్చున్నాడు కానీ ఒప్పుకున్నట్టు కనిపించలేదు.

బయలుదేరే ముందు చెరువు అవతలి వీధి గురించి అడిగాను. అది దళితులది. మొదట్లో పెద్ద పేచీ అక్కడే వచ్చిందని కార్యదర్శి చెప్పింది. అప్పుడామె చిన్నపిల్ల, వాళ్ల నాన్న చెప్పగా విన్నది. ఒకే ట్యాంకు నీళ్లు వాళ్లూ మనమూ తాగడమా అని పెద్ద వీధివాళ్లు రెండు ట్యాంకులు అడిగారు. సంస్థవాళ్లు ఒక్కటే అన్నారు. లేకపోతే ఒక్కటీ లేదన్నారు. రెండేళ్లు మీటింగులే జరిగాయట. ఆ వీధిలో కుళాయి నేనే తిప్పి చూశాను. ధార పెద్ద వీధిలో కన్నా బలంగా ఉంది, నేల పల్లం.

తిరుగు ప్రయాణంలో నేను మాట్లాడలేదు. మా బావమరిది గెలిచానని అనుకుని ఉంటాడు. నాకు గుర్తొచ్చింది వేరు. 1997లో విజయనగరం జిల్లాలో ఒక ఊరికి ట్యాంకు, పైపులైను నా చేతుల మీదుగా జరిగాయి. కోవెల వెనుక తొమ్మిది ఇళ్లు. ఆ ఊరి దళితవాడ. ఎస్టిమేటులో నేను రాసింది ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "మెరక ప్రాంతమగుటచే పైపులైను సాధ్యపడదు. చేతిపంపు ప్రతిపాదించడమైనది." ఊరి పెద్ద అరుగు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన కాఫీ తాగుతూ రాశాను. అది మెరక అని ఆయనే చెప్పాడు. లెవెల్ యంత్రం జీపులోనే ఉంది. దింపలేదు.

నాలుగో రోజు: గజపతి కొండలు

పొద్దున్నే బస్సు. దారిలో తప్తపాణి. గంధకం వాసన వేసే వేడినీటి ఊట, చర్మవ్యాధులు పోతాయని జనం స్నానాలు చేస్తారు. అక్కడ టీ తాగి ముందుకు సాగాం. గజపతి 1992 దాకా గంజాంలో భాగమే. మోహన దాటాక కొండలు దగ్గరపడ్డాయి, దారి పక్కన ఇప్పపూలు రాలి ఉన్నాయి.

ఇది సవరల ఊరు. బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడక. ఇక్కడ మా బావమరిది ఒడియా కూడా సగమే పనికొచ్చింది. సవర భాష ఒడియాలోకి, ఒడియా తెలుగులోకి. నా ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేసరికి నేను అడిగిందేమిటో మరచిపోయేవాణ్ని.

ఈ ఊళ్లో మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. పైన కొండ మీద ఊట. ఊట చుట్టూ రాతి గోడ, సిమెంటు తొట్టె. అక్కడి నుంచి నల్లపైపు పల్లానికి. నీళ్లు వాటంతట అవే దిగి వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ కొండల మీద కురిసినప్పుడు చరియ విరిగి పైపు చాలా దూరం కొట్టుకుపోయిందట. ఎవరికోసమూ ఎదురుచూడలేదు, ఉన్న ముక్కలు ఏరుకుని అతికించుకున్నారు. అతికిన చోట్ల ఇప్పటికీ పైపు మీద కాలిన మచ్చలున్నాయి.

ఊట దగ్గరకు ఎక్కాను. మోకాళ్లు ఒప్పుకోలేదు, అయినా ఎక్కాను. వేసవిలో ధార సన్నబడుతోందట. ఊట పైనున్న అడవిలో ఎవరూ పోడు కొట్టకూడదని ఊరు కట్టుబాటు పెట్టుకుంది. ఆ పైన ఉన్న ఊరు వాళ్లది కాదు, ఆ ఊరివాళ్లు కొడితే ఏమీ అనలేరు. దానికింకా దారి దొరకలేదు.

కింద ఒక కొత్త ఇంటికి మరుగుదొడ్డి కడుతున్నారు. వేరుపడ్డ చిన్న కొడుకుది, మూలనిధి వడ్డీతో. పాతిన గూటాల దగ్గర సవర యువతి ఒకరు పని చేస్తున్నారు. తాపీపని శిక్షణ తీసుకున్న మేస్త్రి. ఆమె చేతిలో పదిహేను మీటర్ల పారదర్శకపు గొట్టం, లోపల నీళ్లు. ఒక కొన ఈ గూటానికి ఆనించింది, రెండో కొన ఒక పిల్లవాడు అవతలి గూటానికి పట్టుకున్నాడు. నీళ్లు ఊగాయి, తగ్గాయి, ఆగాయి. గాలిబుడగ ఒకటి మధ్యలో ఇరుక్కుంది. ఆమె గొట్టాన్ని వేలితో రెండుసార్లు కొట్టింది, బుడగ పైకి పోయింది. ఇటు నీటిమట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టింది, అటు పిల్లవాడు పెట్టాడు. రెండు గీతల నుంచి నేలకు కొలిచి, ఎంత తేడానో చెప్పింది.

నేను అలా చూస్తూ ఉండిపోయానేమో, మీ వైపు దీన్ని ఏమంటారని అడిగించింది.

"లెవెల్ గొట్టం."

ఆమెకు నవ్వొచ్చింది. వాళ్లూ లెవెల్ అనే అంటారట.

ఐదో రోజు: పర్లాకిమిడి మీదుగా

రాత్రి ఆర్. ఉదయగిరిలో పడుకుని పొద్దున్నే పర్లాకిమిడి చేరాం. మా బావమరిది అక్కడినుంచి వెనక్కి వెళ్లాలి. బస్టాండు దగ్గర సామాన్ల దుకాణంలో ఇరవై మీటర్ల గొట్టం కొన్నాను. "రిటైరయ్యాక ఇల్లు కడుతున్నారా బావా?" అన్నాడు. లేదన్నాను. అతను మళ్లీ అడగలేదు. అంతటి మర్యాద ఉన్నవాడు.

మహేంద్రతనయ దాటితే పాతపట్నం, మళ్లీ తెలుగు బోర్డులు. అక్కడినుంచి హిరమండలం. జలాశయం గట్టు మీద కాసేపు నిలబడ్డాను. మొదటిరోజు కవిటిలో తిప్పిన కుళాయికి నీళ్లు ఇక్కడివే. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి ఇటు వస్తుంది. నేరడి దగ్గర బ్యారేజీ మీద రెండు రాష్ట్రాలకూ ఎన్నేళ్లుగానో తగాదా. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పు వచ్చింది. ఒక టీఎంసీ అటా ఇటా అని అంత పెద్ద వకీళ్లు వాదించుకునే ఏటి నీళ్లే, చివరికి ఒక పెరట్లో ఆగిపోయి వంటింట్లోకి వెళ్లలేకపోయాయి. గట్టు మీద గాలి బాగుంది. శ్రీకాకుళం బస్సు ఎక్కాను.

తరువాతి ఆదివారం

ఇది యాత్రలో లేదు. విజయనగరం నుంచి బస్సులో ఆ ఊరికి వెళ్లాను. నేను కట్టించిన ట్యాంకు ఇంకా ఉంది, పైపూత పెచ్చులూడింది. ఊరి పెద్ద పోయి చాలా కాలమైంది. అరుగు ఉన్నచోట ఎరువుల దుకాణం. కోవెల వెనుక తొమ్మిది ఇళ్లు పద్నాలుగయ్యాయి. చేతిపంపు పిడి లేదు. నాలుగేళ్ల కిందట కొత్త పథకంలో వాళ్లకు కుళాయిలు వచ్చాయి. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇళ్లలోని ఆడవాళ్లు పెద్ద వీధి కుళాయి దగ్గర, అందరూ పట్టుకున్నాక, నిలబడ్డారు.

గొట్టంలో నీళ్లు నింపాను. ఒక కొన పట్టుకోవడానికి మనిషి కావాలి. ఇంటిముందు చేట పట్టుకు కూర్చున్న ముసలావిడ మనవణ్ని పంపింది. నాటి పైపులైను ఆగిన చివరి కుళాయి దిమ్మ దగ్గర మొదలుపెట్టాం. ఇరవై మీటర్లకొకసారి గీత పెట్టడం, కొలవడం, జరగడం. కోవెల గోడ పక్కనుంచి పైకి. కుర్రవాడు హుషారుగా ఉన్నాడు, బుడగ వస్తే వాడే తట్టేవాడు. ఆరుసార్లు జరిగాక చివరి ఇంటి గడప వచ్చింది. కొలతలన్నీ చీటీ మీద కూడి చూశాను.

"ఇప్పుడెందుకు బాబూ కొలుస్తున్నారు? కుళాయి వచ్చేసింది కదా" అంది ముసలావిడ.

ట్యాంకు ఎత్తు నలభై అడుగులు. కోవెల వెనుక మెరక మూడున్నర అడుగులు.

ఆ చీటీ ఆవిడకు చూపించాను. ఆవిడకు చదువు రాదు. మనవడు చదివి వినిపించాడు.